సన్నాయిలో సొంత పలుకు: మన మేళగాండ్రకు చరిత్ర చెప్పు పాఠము



మన సీమలో ఏ శుభకార్యమును సన్నాయి లేక ప్రారంభము కాదు. పురోహితుడు చేయి యెత్తినంతనే గట్టిమేళము మ్రోగును. మాంగల్యధారణ మగును. ఆ క్షణమున సభవారి చూపులన్నియు వధూవరులపై నుండును గాని మేళగానిపై నుండవు. అట్లుండుట న్యాయమే. అయినను కోటబొమ్మాళి పరిసరములందలి పెద్దలలో నొక చక్కని యలవాటు కలదు. వీధి మలుపున కవ్వల సన్నాయి వినబడినంతనే, ఊదువాడు కంటబడక మునుపే, "ఈ ఊత ఫలానా యింటివారిది" అని వారు చెప్పగలరు. ఒకనాడు ఈ పరీక్షలో తప్పినవారు తక్కువ. నేడు నెగ్గువారు తక్కువగుచున్నారు. వినువారి చెవి మందగించుట యొక్కటే యిందులకు హేతువు కాదు. ఊదువారి పలుకులు ఒకదానితో నొకటి కలిసిపోవుచుండుట ముఖ్యహేతువు.

మనిషి కనబడకున్నను మనిషిని చెప్పు ఆ గుర్తునే సంగీతజ్ఞులు బాణి యందురు. అది పుట్టుకతో వచ్చునా? గురువు దయచేయునా? సాధన వలన సిద్ధించునా? ఈ ప్రశ్న వేడుకకై వేసినది కాదు. మన కులమునకు క్షౌరము, వైద్యము, మంగళవాద్యము అను మూడు విద్యలు పరంపరగా వచ్చినవి. అందు మూడవది నేడు మన చేతినుండి జారిపోవు స్థితిలో నున్నది. దానిని నిలుపుకొనవలెనన్న బాణి యెట్లు పుట్టునో, యెట్లు చచ్చునో ముందుగా తెలియవలెను. అందులకు మన యుత్తరాంధ్ర సీమ చరిత్రయే తగిన పాఠశాల.

బాణి యనగా నేమి?

రాగము అందరిది. కృతి అందరిది. తాళము అందరిది. ఒకే కల్యాణి రాగమును పదిమంది ఊదుదురు. ఏ స్వరముపై నెంతసేపు నిలువవలెను, ఏ చోట ఊపిరి విరువవలెను, ఏ గమకమును గాఢముగా పట్టి దేనిని తేలికగా విడువవలెను, ముఖ్యముగా దేనిని ఊదక మానవలెను అను నిర్ణయములే ఒకని నింకొకని నుండి వేరు చేయును. కావున బాణి యనునది చేర్చుకొన్న దానికంటె విడిచిపెట్టిన దానివలన నెక్కువగా తెలియును.

దీనికి సంగీతత్రిమూర్తుల చరిత్రమే ప్రథమోదాహరణము. శ్యామశాస్త్రి 1762లోను, త్యాగరాజు 1767లోను, ముత్తుస్వామి దీక్షితులు 1775లోను జన్మించిరి. ముగ్గురికిని జన్మస్థలము తిరువారూరే. కాలమొక్కటి, దేశమొక్కటి, సంగీతశాస్త్ర మొక్కటి. అయినను వారి రచనలు మూడు వేర్వేరు లోకములు. త్యాగరాజు ఒక పాదమును తీసికొని సంగతి వెంట సంగతి పేర్చి భావమును మెట్టుమెట్టుగా పైకెత్తెను. ఆయన మాట ఇంటిలో మాటలాడుకొను తెలుగు. దీక్షితులు కాశిలో చిదంబరనాథ యోగి యొద్ద కొన్ని వత్సరములుండి ఔత్తరాహుల గానమును వినెను. ఆయన కృతులలోని విలంబ గమనమును, వీణపై సాగినట్టి దీర్ఘ గమకములును ఆ వినికిడికిని, వీణాభ్యాసమునకును ఫలములు. శ్యామశాస్త్రి తంజావూరు కామాక్షీదేవి యర్చకుడు. స్వల్పముగా రచించెను గాని, తాళపు మెలకువలలో ఆయన దారి ఆయనదే.

ఇందు తెలియవలసిన దేమి? ఒకే ఊర పుట్టుటవలన ఒకే పలుకు రాదు. ఎవడు దేనిని వినెనో, ఏ వాద్యముపై చేయి తిప్పెనో, ఏ దేవునికి, ఏ సభకు పాడెనో దానినిబట్టి పలుకు మారును.

విజయనగరమున నారాయణదాసు

ఇక మన సీమకు వత్తము. ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి ప్రాంతపు అజ్జాడ గ్రామమున జన్మించెను. బాల్యమున బొబ్బిలిలో వాసా సాంబయ్య యొద్ద సంగీతాభ్యాసము జరిగెను. చదువుకై విజయనగరము చేరెను. 1883లో చెన్నపురినుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అను భాగవతుడు విజయనగరమున హరికథ చెప్పుచుండగా దాసు వినెను. పందొమ్మిదేండ్ల బాలుడు. ఆ విద్య ఆయన హృదయమును పట్టివేసెను.

ఇట్టి సమయమున సామాన్యు డేమి చేయును? తాను విన్న కథనే, విన్న మెట్టులోనే, విన్న అభినయముతోనే చెప్పజూచును. నారాయణదాసట్లు చేయలేదు. ఆ సంవత్సరమే ధ్రువచరిత్రమును తానే రచించుకొని తానే చెప్పెను. తన యొద్ద అప్పటికే యున్న విద్యలన్నిటిని ఆ యొక్క పాత్రలో పోసెను. గాత్రమున్నది, వీణ యున్నది, సంస్కృతాంధ్రముల పాండిత్యమున్నది, దేహమున నృత్యమున్నది, లయపై అసాధారణమైన అధికారమున్నది. చేతులు రెండు, పాదములు రెండు, శిరస్సొకటి, వీనితో అయిదు వేర్వేరు తాళములను ఏకకాలమున చూపగలిగిన వాడాయన. తొంబది రాగములను కూర్చి 'దశవిధరాగ నవతికుసుమ మంజరి' అను రచనమును చేసిన వాడాయన. విన్నది ఒక బీజము మాత్రమే. మొలచినది తన నేలలో, తన నీటితో మొలచెను. అందుచేతనే హరికథ యన్నంతనే తెలుగువారికి నారాయణదాసు జ్ఞప్తికి వచ్చును. ఆయనను హరికథాపితామహు డందురు.

1919లో విజయనగర సంస్థానాధిపతి విజయరామ గజపతిరాజు సంగీతకళాశాలను స్థాపించెను. దానికి ప్రథమాధ్యక్షుడు నారాయణదాసే. 1936 వరకు ఆ పదవిలో నుండి, 1945లో దివంగతుడయ్యెను. ఆ కళాశాల నేటికిని మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యను పేర విద్యాదానము చేయుచునే యున్నది.

ద్వారం వేంకటస్వామి నాయుడు

ఆ 1919వ సంవత్సరముననే అదే కళాశాలకు ఇరువదియారేండ్ల యువకు డొకడు వచ్చెను. విద్యార్థిగా చేరవలెనని ఆయన కోరిక. వాయించి చూపుమనిరి. వాయించెను. విన్నవారు ఆయనను విద్యార్థిగా చేర్చుకొనలేదు. ఫిడేలు ఆచార్యునిగా నియమించిరి. ఆయనయే ద్వారం వేంకటస్వామి నాయుడు.

ఆయన 1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగెను. చూపు మందము. అందువలన బడిచదువు సాగలేదు. అన్నగారైన వేంకటకృష్ణయ్య ఫిడేలు నేర్పెను. చూపు తక్కువైన వానికి చెవియే కన్ను. ఇతరులు గ్రంథమును చూచి నేర్చుదానిని ఆయన నాదమును విని నేర్చెను. కావున ఆయన దృష్టి యంతయు స్వరము పుట్టు తీరుపై, కమాను తీగను తాకు తీరుపై నిలిచెను.

ఫిడేలు మన దేశపు వాద్యము కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు మొదలగు వారు దానిని మన సంగీతమునకు తెచ్చిరి. అటు తరువాత నూరేండ్లకు పైగా అది ముఖ్యముగా గాయకుని ప్రక్కన కూర్చుండు వాద్యముగనే యుండెను. పాడినదానిని నీడవలె వెంబడించుటయే దాని ధర్మము. నాయుడుగారు ఒక ప్రశ్న వేసికొనిరి. ఈ వాద్యమునకు తనకంటూ ఒక గొంతు లేదా? ఆ ప్రశ్నకు సమాధానమునకై పాశ్చాత్యులు తమ వాద్యమును వాయించు విధమును కూడ శ్రద్ధగా వినిరి. కమానును కొస నుండి కొస వరకు నిండుగా లాగి దీర్ఘమైన, గరకుదనము లేని నాదమును పుట్టించు నేర్పు నందుండి గ్రహించిరి. కాని వారి రాగమును, వారి పాటను తెచ్చుకొనలేదు. ఆ కమానుతో మన తోడిని, మన భైరవిని పలికించిరి. ఇది గమనింపదగినది. పరాయి యింటినుండి పనిముట్టు తెచ్చుకొనవచ్చును. అన్నము మాత్రము మన యింటిలోనే వండుకొనవలెను.

1938లో వేలూరున ఆయన ఫిడేలుతోనే ప్రధానకచేరి చేసిరి. నీడగా నున్న వాద్యము తానే మనిషియై నిలిచెను. 1936లో నారాయణదాసు తరువాత కళాశాలాధ్యక్షత ఆయనకే వచ్చెను. 1941లో చెన్నపురి సంగీతవిద్వత్సభవారు సంగీతకళానిధి బిరుద మిచ్చిరి. 1957లో పద్మశ్రీ వచ్చెను. 1964లో పరమపదించిరి.

దాసుగారికిని నాయుడుగారికిని ఎంత భేదము! ఒకరు సభ నంతయు నిండు మేఘగర్జనము. మరియొకరు ఒక తీగపై నిలిచిన దీపము. ఇద్దరును ఒకే కళాశాలలో పదునేడేండ్లు కలిసి పనిచేసిరి. ఒకరి నొకరు అనుకరింపలేదు. ఒకరివలన మరియొకరు చెడలేదు. గొప్ప పాఠశాల యనగా అందరి నొక్క మూసలో పోయునది కాదు. ఎవరి మూసను వారు కనుగొనువరకు అన్నము పెట్టి ఓపిక పట్టునది.

ఒకే గురువు, వేర్వేరు గొంతులు

ఆ కళాశాలలోనే సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి గాత్రము బోధించెను. ఆయన శిష్యులలో ఘంటసాల వేంకటేశ్వరరావు (1922-1974) ఒకడు. గుడివాడ ప్రాంతమునుండి చేతిలో చిల్లిగవ్వ లేక వచ్చి, విజయనగర వీథులలో మధుకరము చేసికొని చదువుకొన్న బాలు డతడు. ఆనాటి నాటకములలో పద్య మన్న రాగాలాపనము పొడవుగా సాగవలెను. పద్యము ముగియునప్పటికి భావము మరపునకు వచ్చెడిది. ఘంటసాల ఆ యాలాపనమును అర్థమునకు తగినంతగా కత్తిరించెను. మాట స్పష్టముగా పలికెను. రాగము మాటకు సేవ చేసెను. గురువు శాస్త్రము నిచ్చెను. ఏది కత్తిరింపవలెనో శిష్యుడు తానే కనుగొనెను.

వీణలో ఈమని శంకరశాస్త్రి (1922-1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936-1996) ఇట్టివారే. గురువు వీణను గాత్రమువలె పాడించెను. శిష్యు డా మార్గముననే నడచి, మరికొంత దూరము పోయి, కోకిల కూతను, ఆలయఘంటను, వేదఘోషను వీణపై వినిపించెను. శిష్యుని వీణ విన్నవారికి గురువు జ్ఞప్తికి రాకపోడు. కాని గురువని పొరబడువా డుండడు. ఇదియే శిష్యరికపు చక్కని హద్దు.

మన వాద్యము కథ

ఇప్పుడు మన సన్నాయికి వత్తము. ఈ వాద్యమునకు స్వరరంధ్రములు ఏడు. క్రింది భాగమున మరికొన్ని రంధ్రములుండును. వానిని మైనముతో మూయుచు తెరచుచు శ్రుతిని సరిచేసికొందురు. వీణకు మెట్లున్నవి. హార్మోనియమునకు మీటలున్నవి. సన్నాయికి అట్టి యాధార మేదియు లేదు. అదే రంధ్రమునుండి పెదవి బిగువు చేతను, ఊపిరి బలము చేతను, వ్రేలు సగము తెరచుట చేతను వేర్వేరు స్వరములు పుట్టును. నోటనుంచు రెల్లుపీక కొంచెము గట్టిదైన ఒక పలుకు, మెత్తనిదైన వేరొక పలుకు. అనగా ఈ వాద్యమున సగము కర్రలో నున్నది, సగము మనిషి దేహములో నున్నది. ఇద్దరు మనుష్యులు ఒకేరీతిగా ఊదుట ప్రకృతిచేతనే దుష్కరము. ఇంతటి స్వతంత్రమైన వాద్యమును చేతబట్టి మనము ఒకరివలె నొకరు ఊదుచున్నామన్న, అది వాద్యపు లోపము కాదు.

ఈ శతాబ్దమునకు ముందటి శతాబ్దమున మంగళవాద్యమును వేదికపైకి ఎక్కించిన మువ్వురిని స్మరింతము.

మొదటివాడు తిరువావడుతురై రాజరత్నము పిళ్ళె (1898-1956). ఆయన నాటికి మేళగాడు ఉత్సవమూర్తి ముందు నడచుచు, నిలుచుండి ఊదువాడు. వీథిలో దూరమునకు వినబడుటకై హెచ్చుశ్రుతి గల పొట్టి వాద్యమును వాడుచుండిరి. రాజరత్నము పిళ్ళె నరసింగంపేట శిల్పి రంగనాథ ఆచారిచేత పొడవైన, తగ్గుశ్రుతి గల వాద్యమును చేయించుకొనెను. శ్రుతి తగ్గినంతనే నాదము గంభీర మయ్యెను. రాగమును గంటలకొలది విస్తరించుటకు చోటు కలిగెను. ఆయన తోడి రాగము దక్షిణదేశమంతట ప్రసిద్ధి కెక్కెను. చూడుడు. మొదట మనసులో ఒక నాదము పుట్టెను. చేతిలోని వాద్యము దానిని పలుకలేదు. వాద్యమును మార్చెను. కొందరు కొత్త వాద్యమును కొని కొత్త పలుకు దానంతట వచ్చునని తలతురు. అది బండిని ఎద్దుకు ముందు కట్టుట. ఆయన వేదికపై గాయకులతో సమానముగా కూర్చుండుటకును పట్టుపట్టిన వాడు. విద్యలో తన పలుకును కనుగొన్నవానికి సభలో తన స్థానమును అడుగు ధైర్యము తానుగా వచ్చును.

రెండవవాడు బిస్మిల్లాఖాను (1916-2006). ఔత్తరాహుల షెహనాయి మన సన్నాయికి అక్కచెల్లెలు. అదియును పెండ్లిండ్లలో, గుడి గుమ్మములలో ఊదు వాద్యమే. ఆయన మేనమామ అలీబక్షు కాశీ విశ్వనాథాలయమున ఊదువాడు. బాలుడైన బిస్మిల్లా గంగయొడ్డున బాలాజీ మందిరమున ఏండ్ల తరబడి ఏకాంతముగ సాధన చేసెను. 1937లో కలకత్తా సంగీతసభలో ఆయన ఊదినపుడు పెండ్లివాద్యము కచేరి వాద్య మయ్యెను. 1947లో స్వాతంత్ర్యోత్సవ సందర్భమున ఢిల్లీ ఎర్రకోటలో ఆ షెహనాయియే మ్రోగెను. 2001లో భారతరత్న వచ్చెను. కీర్తి వచ్చినను ఆయన కాశిని విడువలేదు, పెండ్లివాద్యపు తీపిని విడువలేదు. తన వాద్యమును గొప్పది చేయుటకు దాని పుట్టిల్లు మరువనక్కరలేదని చూపినవాడు.

మూడవవాడు మన తెలుగువాడే. ప్రకాశం జిల్లా కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు. తరతరముల నాదస్వర కుటుంబము. ఇంట నేర్చిన విద్యయే జీవనమునకు చాలియుండెడిది. కాని రాజరత్నము పిళ్ళె నాదము విని ఆయన మనసు నిలువలేదు. అప్పటికే విద్వాంసుడై యుండియు తంజావూరు సీమకు పోయి నాచ్చియార్‌కోవిల సోదరులైన రాజము, దురైకన్ను గార్ల యొద్ద తిరిగి శిష్యుడుగా కూర్చుండెను. పిమ్మట శ్రీరంగమున స్థిరపడెను. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీతకళానిధి పొంది 1999లో కీర్తిశేషుడయ్యెను. ఇస్లాము మతస్థుడైన ఆయన రంగనాథుని సన్నిధిని నాదార్చనము చేసెను. మరియొకని పలుకును ప్రేమించి, దాని మూలమునకు పోయి నేర్చి, తుదకు తనదైన పలుకుతో తిరిగివచ్చిన వానికి ఆయన నిదర్శనము. అనుకరణము దోషము కాదు. అనుకరణముతో ఆగిపోవుట దోషము.

శ్రుతి పట్టిన చెవి

ఈ చరిత్రముల నన్నిటిని కలిపి చూచిన మూడు మెట్లు కనబడును. మొదటిది చిరకాల శ్రవణము. రెండవది ఉన్న వాద్యముతో, ఉన్న వాడుకతో తీరని యొక కొరత. ద్వారంవారికి నీడవాద్యమను కొరత, రాజరత్నము పిళ్ళెకు హెచ్చుశ్రుతి యను కొరత. మూడవది విడుచుటకు ధైర్యము. ఈ మూటిలో మొదటిది లేక తక్కిన రెండును రావు.

మన మేళములో ఆ మొదటి మెట్టు ఎట్లుండెడిదో పెద్ద లెరుగుదురు. కుఱ్ఱవాడు మేళములో చేరినంతనే సన్నాయి చేతికిచ్చెడివారు కారు. శ్రుతి పట్టుమనెడివారు. బుగ్గలలో గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి పీల్చుకొనుచు, తెగని యొక్క స్వరమును గంటలకొలది పట్టియుండవలెను. ఆ పని బహు కష్టము, బహు విసుగు. చూచువారికి అది చాకిరివలె తోచును. కాని అది పాఠశాలయే. ఆ బాలుడు గురువు ప్రక్కన మూరెడు దూరమున నిలుచుండి, నోరు ఒక్క స్వరమునకు కట్టుబడియుండగా, రెండు చెవులతో గురువు ఊపిరి ఎక్కడ విరుచునో, పీకను ఎక్కడ బిగించునో, ఏ సంగతిని ఏ పెండ్లిలో విడిచిపెట్టెనో నాలుగైదేండ్లు వినెడివాడు. దేహమంతయు శ్రుతిలో నానెడిది. ఆ తరువాత సన్నాయి పట్టినపుడు చేయి తడబడినను చెవి తడబడెడిది కాదు.

నేడు శ్రుతిపెట్టె వచ్చినది. మీట నొక్కిన చాలును. అది అలసిపోదు, అన్నము అడుగదు, కూలిలో వాటా అడుగదు. యంత్రమును నిందించుట నా యుద్దేశము కాదు. దానివలన శ్రుతి నిశ్చలముగా నున్నది. కాని ఆ పెట్టె వచ్చి కూర్చున్న చోటు మన కుఱ్ఱవాడు నిలుచున్న చోటని మనము గమనింపలేదు. ఒక కూలి మిగిలినది. ఒక పాఠశాల పోయినది. నేటి యువకుడు సినిమాపాటను చరవాణిలో విని నేర్చును. ఆ పాట అందరి చరవాణులలో నొక్కటే. కావున అందరి ఊతయు నొక్కటే. వీధి మలుపు పరీక్షలో మన పెద్దలు నెగ్గలేకపోవుట కిదియే కారణము.

రెండు ఆక్షేపణలు

కొందరు పెద్దలు, "మా తాత యెట్లు ఊదెనో మేమట్లే ఊదుదుము, కొత్తదనమేల?" అందురు. వారికి నా విన్నపము. మీ తాత తన తాతవలెనే ఊదియుండిన, వీధి మలుపున ఆయనను గుర్తించువా డుండెడివాడు కాడు. హంసధ్వని నేడు అనాదిరాగమువలె వినబడును. అది ముత్తుస్వామి దీక్షితుల తండ్రియైన రామస్వామి దీక్షితులు కల్పించినది. నేటి సంప్రదాయము నిన్నటి సాహసమే.

కొందరు యువకులు, "సినిమాపాట ఊదుమని పెండ్లివారే అడుగుదురు, డబ్బిచ్చువాడు వారే గదా" అందురు. నిజమే. కడుపు నిండక కళ నిలువదు. అడిగినది ఊదుడు. కాని ఘంటసాల పాడినదియు సినిమాపాటయే. ఆయన దానిలో తన పలుకును చంపుకొనలేదు. పాట ఏదైనను ఊపిరి మీదే. గట్టిమేళమునకు ముందు రెండు నిమిషములు, అప్పగింతలవేళ అయిదు నిమిషములు ఎవరును ఏ పాటయు అడుగరు. ఆ యేడు నిమిషములు మీవి. ఆడపిల్ల గుమ్మము దాటునపుడు ఊదిన ఒక్క నిడుపాటి స్వరము ఆ తల్లిదండ్రుల చెవిలో ఇరువదేండ్లుండును. బాణి అక్కడ పుట్టును.

మనము చేయవలసినది

సభ్యులారా, మహాసభలు జరిగిపోవును. తీర్మానములు సంచికలో అచ్చుపడి నిలుచును. ఈ వ్యాసము తీర్మానముగా గాక మనవిగా నాలుగు మాటలను మీ ముందుంచుచున్నది.

ఒకటి. మన గ్రామములలో సన్నాయి, డోలు నేర్చిన వృద్ధులు ఇంకను కొందరున్నారు. వారి సంగతులకు వ్రాతప్రతి లేదు. వారితో నవి పోవును. ప్రతి గ్రామశాఖయు ఈ సంవత్సరములోనే తన గ్రామపు వృద్ధుని యొద్దకు పోయి, ఆయన ఊతను చరవాణిలోనైన భద్రపరుపవలెను. పేరు, ఊరు, గురువు పేరు చెప్పించి ఆరంభింపవలెను. సన్మానపు శాలువ కంటె ఇది మేలు.

రెండు. శ్రుతిపెట్టె యున్నను ప్రతి మేళములోను ఒక బాలునికి శ్రుతి పట్టు చోటును తిరిగి ఇయ్యవలెను. వానికి రోజుకూలి లోటు కలుగకుండ పోషకులు సాయపడవలెను. ఒక బాలుని చెవికి పెట్టు ఖర్చు ఒక పందిరి అలంకారపు ఖర్చుకంటె తక్కువే.

మూడు. తిరుపతిలో దేవస్థానమువారి నాదస్వర డోలు పాఠశాల యున్నది. విజయనగరమున సంగీతకళాశాల యున్నది. ఆసక్తిగల బాలురను, బాలికలను కూడ, అచ్చటికి పంపవలెను. ఆడపిల్లలకు సన్నాయి తగదను మాటకు శాస్త్రాధారము లేదు, అలవాటు మాత్రమే యున్నది. చదివి వచ్చినవారు ఇంటి బాణిని చులకన చేయరాదు. ఇంటివారు చదివి వచ్చినవారిని పరాయివారుగా చూడరాదు. చినమౌలానా సాహెబు రెండింటిని కలిపిననే గదా సంగీతకళానిధి యయ్యెను.

నాలుగు. మేళగాడు పందిటి చివర నిలుచుండి, అందరి భోజనము లైన తరువాత విస్తరి ముందు కూర్చుండు ఆచారము మన చేతులతో మనమే మాన్పవలెను. మొదట మన యిండ్ల పెండ్లిండ్లలోనే వానికి పీట వేసి, మొదటి పంక్తిలో వడ్డింతము. మన ఇంట దొరకని గౌరవమును పరులయింట అడుగుటకు మనకు నోరెట్లు వచ్చును?

ముగింపు

కొత్తమ్మతల్లి జాతరనాడు కోటబొమ్మాళి వీథులలో ఎన్ని వాద్యముల మ్రోత! డప్పులు, బాజాలు, శబ్దయంత్రములు ఒకదానిని మించి యొకటి. ఆ రొదలో సన్నాయి ఓడిపోయినదని కొందరు చింతింతురు. బలములో అది యెన్నడును గెలువజాలదు. గెలువనక్కరయు లేదు. ద్వారంవారి ఫిడేలు సభలోని యే వాద్యము కంటెను గట్టిది కాదు. ఆ నాదము ఆయనది మాత్రమే. అందుచేత జనులు నిశ్శబ్దమై వినిరి.

మన పిల్లలలో నొకడు రేపు వీధి మలుపున ఊదుచుండగా, అరుగుపై కూర్చున్న వృద్ధుడు తల యెత్తి, "ఇది ఎవరిదో కొత్త పలుకు, కాని వీని శ్రుతి మన యూరిదే" అని అన్ననాడు మన విద్య నిలిచినట్లే. ఆ మాట వినుటకు మనలో కొందర ముండము. అట్టి బాలుని సిద్ధపరుచుట మాత్రము మన చేతిలో, ఈ సంవత్సరములో, ఉన్నది.

శుభమస్తు.